డాక్టరు గారి జెడ్4: సైలెన్సర్ మార్చాలా, వద్దా

ఫిబ్రవరి మొదటి వారంలో డాక్టరు గారు మా షెడ్డుకు వచ్చేసరికే ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఫోనులో కొటేషన్ చూపించారు. పొగను శుద్ధి చేసే క్యాట్ లేని, ఇంజన్ పక్కనుండే డౌన్‌పైపు, అక్కడి నుంచి వెనుక వరకు స్టెయిన్‌లెస్ స్టీల్ ఎగ్జాస్ట్ మొత్తం, దానికి తగ్గట్టు ఇంజన్ కంప్యూటర్‌లో కొత్త ప్రోగ్రాం. దిగుమతి సుంకాలు, బిగింపు ఖర్చు కలుపుకుని ఆరు లక్షల ఎనభై వేలు. "మీ దగ్గర బిగించాలంటే ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగారు. మార్చాలా, వద్దా అన్న మాటే లేదు.

కారు బీఎండబ్ల్యూ జెడ్4 ఎం40ఐ, 2019లో తయారైనది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో, టయోటా సుప్రా తయారయ్యే కర్మాగారంలోనే పుట్టింది. రెండు సీట్లు, మడిచిపెట్టుకునే గుడ్డ పైకప్పు, బానెట్ కింద 2,998 సీసీల ఆరు సిలిండర్ల ఇంజన్, దానికి గాలిని ఒత్తి నింపే ఒక టర్బో. కంపెనీ లెక్కలో 340 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్. గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి నాలుగున్నర సెకన్లు. డాక్టరు గారు దీన్ని రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఆయన ఎముకల డాక్టరు. ఉదయం ఆరున్నరకు ఆసుపత్రికి బయలుదేరతారు. కోకాపేట వైపు ఒక అపార్టుమెంటులో ఉంటారు, కారు సెల్లారులో పెడతారు. ఈ వివరాలన్నీ ఎందుకంటే, చివరికి నిర్ణయం తేలింది వీటి దగ్గరే.

"ఎందుకు మార్చాలనుకుంటున్నారు?" అని అడిగాను. రెండు కారణాలు చెప్పారు. కారు మునుపటిలా లాగడం లేదు, పైవేగాల్లో నీరసపడుతోంది. రెండోది, ఇంత డబ్బు పోసి కొన్న కారుకు శబ్దంలో పస లేదు. ఇరవై ఏళ్ల కిందట చదువుకునే రోజుల్లో ఎవరిదో టర్బో లేని ఆరు సిలిండర్ల కారు పక్క నుంచి పోతుంటే విన్నారట. ఆ శబ్దం చెవిలో ఉండిపోయింది.

నేను ఈ పనిలో ఉండి పందొమ్మిదేళ్లయింది. వచ్చినవారు చెప్పే రెండు కారణాలు చాలాసార్లు రెండు వేర్వేరు జబ్బులు. కొటేషన్ మాత్రం రెంటికీ కలిపి ఒకే మందు రాస్తుంది. ఆ మాట అనలేదు. "ముందు కారు ఇక్కడ వదలండి, నాలుగు రోజులు చూస్తాను. బిగించే సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. ఆయనకు నచ్చలేదు. కానీ రోగిని చూడకుండా ఆపరేషన్ తేదీ ఇవ్వరు కదా, ఆ మాట ఆయనకు బాగానే అర్థమైంది.

ఇక్కడ కాస్త వివరం చెప్పాలి. టర్బో కారులో ఎగ్జాస్ట్ అంతా ఒకటే వస్తువు కాదు. ఇంజన్ నుంచి బయటికి వచ్చే వేడి వాయువు ముందుగా టర్బో చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. వాయువులో ఉన్న శక్తిని, దానితోపాటు శబ్దంలోని పదునును కూడా అదే చాలావరకు తినేస్తుంది. పాతకాలపు టర్బో లేని ఇంజన్లు పాడినట్టు టర్బో ఇంజన్లు పాడకపోవడానికి ఇదే పెద్ద కారణం. టర్బోను ఆనుకుని ఉండేది డౌన్‌పైపు. ఈ కారులో క్యాటలిటిక్ కన్వర్టర్, అంటే మేం క్యాట్ అనే తేనెపట్టు లాంటి దిమ్మ, అందులోనే ఉంటుంది. ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత పూసిన సన్నని గొట్టాల కట్ట అది. కంపెనీ క్యాట్‌లలో చదరపు అంగుళానికి నాలుగు వందలు, ఆపైన గొట్టాలుంటాయి. స్పోర్ట్స్ క్యాట్ అని అమ్మేవాటిలో రెండు, మూడు వందలు. దాని వెనుక మధ్యలో మోతను తగ్గించే రెసొనేటర్ అనే డబ్బా, చివర పెద్ద సైలెన్సర్.

బలం కోసం చూసేవాడు ముందు భాగం వైపు చూడాలి, శబ్దం కోసం చూసేవాడు వెనుక భాగం వైపు. టర్బో దాటగానే ఎదురయ్యే అడ్డు తగ్గితే చక్రం త్వరగా వేగం అందుకుంటుంది. కానీ ఈ ఇంజన్ కంప్యూటర్ ఎంత టార్క్ ఇవ్వాలో తనే నిర్ణయించుకుని, ఆ లెక్కకు సరిపోయేంత గాలినే నింపుతుంది. దారి సులువైతే వేస్ట్‌గేటును ఇంకాస్త తెరిచి, మిగిలిన వాయువును చక్రం పక్క నుంచి పంపేస్తుంది. కాబట్టి ప్రోగ్రాం మార్చకుండా ఉత్త డౌన్‌పైపు వేస్తే పాదానికి తెలిసేంత తేడా ఉండదు. కొటేషన్లో అరవై, డెబ్బై హార్స్‌పవర్ అని రాసిన దానిలో సింహభాగం ప్రోగ్రాందే. పైపు దానికి వీలు కల్పిస్తుంది, అంతే.

ఇక హైదరాబాద్ సంగతి. మనం సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉన్నాం. ఇక్కడి గాలి ఒత్తిడి 950 మిల్లీబార్ల దగ్గర ఉంటుంది. చెన్నైలో సాధించే ఒత్తిడినే ఇక్కడా సాధించాలంటే టర్బో ఐదారు శాతం ఎక్కువ కష్టపడాలి. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీల గాలి పీలుస్తూ ఆ పని చేయాలి. అందుకని మన ఊళ్లో టర్బో కారు నీరసపడిందంటే నేను ముందు ఎగ్జాస్ట్ వైపు చూడను, గాలి లోపలికి వెళ్లే దారి వైపు చూస్తాను.

మొదటి రోజు రోలర్ డైనో మీదికి, అంటే కారు ఉన్నచోటే చక్రాలు తిప్పించి బలం కొలిచే యంత్రం మీదికి ఎక్కించాం. ఔటర్ రింగు రోడ్డు మీద పరీక్షలు చేయడం మా షెడ్డులో నిషిద్ధం. అది ప్రయోగశాల కాదు. చక్రాల దగ్గర 277 హార్స్‌పవర్ వచ్చింది. ఇంజన్ దగ్గర 340 ఉన్న కారుకు గేరుబాక్సు, ఇరుసు నష్టాలు పోను మూడు వందల చిల్లర రావాలి. కంప్యూటర్ నుంచి తీసిన రికార్డులో అసలు సంగతి కనిపించింది. నాలుగు వేల ఆర్‌పీఎం దాటాక ఇంజన్ కోరిన బూస్టుకు, అంటే టర్బో ఊదే గాలి ఒత్తిడికి, వచ్చిన బూస్టుకు మధ్య 0.15 బార్ తేడా. వేస్ట్‌గేటు దాదాపు పూర్తిగా మూసుకుని ఉంది. అంటే టర్బో తన శక్తికొద్దీ ఊదుతోంది, ఊదిన గాలి ఇంజనుకు చేరడం లేదు.

పొగ యంత్రం పెట్టాం. గాలి దారి రెండు చివరలా మూసి, కొద్ది ఒత్తిడితో పొగ పంపితే చిల్లు ఎక్కడుందో అదే చెబుతుంది. ఐదు నిమిషాలు ఏమీ కనిపించలేదు. ఒత్తిడి కాస్త పెంచగానే, టర్బో నుంచి త్రాటిల్ వైపు, అంటే ఇంజనులోకి గాలిని వదిలే తలుపు వైపు వెళ్లే పైపు చివర అగరుబత్తి పొగలా సన్నని తీగ లేచింది. ఆ పైపు కంపెనీది కాదు. కంపెనీ వేసిన ప్లాస్టిక్ పైపు తీసేసి మెరిసే అల్యూమినియం పైపు వేశారు. అది విప్పితే లోపల గాలి కారకుండా వేసే రబ్బరు ఓ-రింగు ఒకవైపు నలిగి, గాడిలోంచి బయటికి వచ్చి, వంకాయ తొడిమలా మడతపడి ఉంది. నూనె తడి కూడా పూయకుండా పొడిగా తోసి బిగించారు.

డాక్టరు గారికి ఫోను చేశాను. "ఈ పైపు మీరు వేయించారా?" కాసేపు మాట రాలేదు. "కొన్న కొత్తలో. బలం పెరుగుతుందన్నారు." ఎవరు వేశారో ఆయన చెప్పారు, నేను ఇక్కడ చెప్పను. పైపులో తప్పు లేదు, బిగించిన చేతిలో తొందర ఉంది.

కొత్త ఓ-రింగు ఖరీదు వెయ్యి రూపాయల లోపే. పనిలో పనిగా స్పార్కు ప్లగ్గులు కూడా మార్చాం. వాటి వయసు వాటికి అయిపోయింది. మరునాడు అదే డైనో, అదే సమయం. 300 వచ్చింది. ఇరవై మూడు హార్స్‌పవర్ ఒక రబ్బరు రింగులో ఇరుక్కుని ఉంది.

అయినా పరీక్ష అక్కడితో ఆపలేదు. కంపెనీ ఎగ్జాస్ట్ నిజంగానే ఊపిరి బిగపడుతోందా అన్నది కొలిచి చూపకపోతే ఆయన మనసులో ఆ ముల్లు ఉండిపోతుంది. దీనికి మా షెడ్డులో ఒక పాత పద్ధతి ఉంది. క్యాట్ తర్వాత ఉండే ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఆ మర రంధ్రంలో ఒక అడాప్టరు బిగించి, దానికి మీటరున్నర రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టి తగిలిస్తాం. చివర ప్రెషర్ గేజి. రాగి చుట్టలు వేడిని లాగేసుకోకపోతే గేజి క్షణాల్లో ఉడికిపోతుంది. ముందున్న సెన్సర్ మాత్రం తీయకూడదు. అది తీస్తే పెట్రోలు ఎంత పోయాలో ఇంజనుకు తెలియదు. పూర్తి లోడులో ఆ ప్రయోగం చేసి పిస్టన్లు పోగొట్టుకున్నవారు ఉన్నారు. వెనుక సెన్సర్ పని వేరు, క్యాట్ సరిగా పనిచేస్తోందా లేదా అని కాపలా కాయడం. అది కొద్దిసేపు లేకపోతే డాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది, అంతకు మించి ఏమీ కాదు.

ఆరు వేల ఆర్‌పీఎం దగ్గర, పూర్తి లోడులో గేజి 0.14 బార్ చూపించింది. అంటే క్యాట్ దాటాక ఉన్న రెసొనేటర్, సైలెన్సర్, వంపులు అన్నీ కలిసి పెడుతున్న అడ్డు అంతే. కొటేషన్లో మూడు వంతుల డబ్బు ఈ 0.14 బార్ కోసమే. దాన్ని సగానికి తగ్గించినా, కంప్యూటర్ తన టార్క్ లెక్కకే కట్టుబడి ఉంటుంది కాబట్టి డాక్టరు గారి పాదానికి ఆ సంగతి తెలియదు.

ఇక క్యాట్ తీసేసే విషయం. ఇందులో నా దగ్గర బేరం లేదు. నేను ఆ పని చేయను. చట్టం ఒక కారణం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదంటుంది. ఆ సెక్షనును ఎంత గట్టిగా చదవాలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో చెప్పింది. అదే ఏడాది సవరణలో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారం ఇలాంటి మార్పు చేయించుకున్న యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. శబ్దం, పొగ ప్రమాణాలు దాటితే 190వ సెక్షను వేరే ఉంది, దానికి పది వేల దాకా. బుల్లెట్ సైలెన్సర్లను వరుసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించిన ఫొటోలు మన పత్రికల్లో చాలాసార్లే వచ్చాయి. కార్లవారు అది బైకులవారి గొడవ అనుకుంటారు.

పొల్యూషన్ సర్టిఫికెట్ లెక్క కూడా చూడండి. ఈ తరం పెట్రోలు కారుకు ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం దాటకూడదు. ఇంజన్ వేగం పెంచి చూసినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతమే ఉండాలి. క్యాట్ లేకుండా నిజాయితీగా పరీక్షిస్తే ఈ అంకెలు రావు. నిజాయితీ లేకుండా వస్తుందని చెప్పేవారి గురించి నేను మాట్లాడను.

డాక్టరు గారిని కదిలించింది మాత్రం చట్టం కాదు. "మీది పైకప్పు తెరిచే కారు. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు వెనుక నుంచి వచ్చే గాలి సుడి తిరిగి సీట్ల మీదికే వస్తుంది. క్యాట్ లేకపోతే పచ్చి పెట్రోలు వాసన చొక్కాకు పడుతుంది. ఆ చొక్కాతోనే మీరు వార్డులోకి వెళతారు" అన్నాను. ఆయన నవ్వి, ఫోనులో కొటేషన్ తెరిచి చూసి మూసేశారు. "సరే, ముందు భాగం వదిలేద్దాం. శబ్దం మాటేమిటి?"

ఇక్కడి నుంచి తప్పు నాది.

శబ్దం కావాలంటే మొత్తం మార్చనక్కరలేదు, మధ్యలో ఉన్న రెసొనేటర్ తీసి దాని స్థానంలో ఒక నేరు పైపు వేస్తే చాలు అన్నాను. ఖర్చు తక్కువ, వెనుక సైలెన్సర్ అలాగే ఉంటుంది కాబట్టి మరీ గోల చేయదు. కోసిన చోట స్లీవ్ క్లాంపులు వేస్తే నచ్చకపోతే పాత ముక్క మళ్లీ ఎక్కించుకోవచ్చు. క్లాంపులు రాణిగంజ్ నుంచి తెచ్చాం. పైపు పని బాలానగర్‌లో వెల్డింగ్ చేసే చాచాకు ఇచ్చాను. చాచా ఆర్గాన్ వెల్డింగ్ చూడాలంటే అతుకు బయట కాదు, లోపల చూడాలి. స్టెయిన్‌లెస్ పైపును అతికేటప్పుడు లోపల కూడా ఆర్గాన్ నింపకపోతే అతుకు అడుగున నల్లగా, గరుకుగా, మాడిన చక్కెర పాకంలా గడ్డకడుతుంది. కొన్నాళ్లకు అక్కడే పగులుతుంది. చాచా పైపు రెండు చివరలా అట్టముక్కలు, టేపు అంటించి, చిన్న రంధ్రంలోంచి గ్యాసు పంపి, కాసేపు చేతులు కట్టుకుని నిలబడతాడు. "గాలి బయటికి పోవాలి బేటా, తొందరపడితే లోపల కాలుతుంది" అంటాడు. లోపలి అతుకు బంగారు రంగులో, చేప పొలుసుల్లా వచ్చింది.

బిగించాక వెనుక పైపుకు అర మీటరు దూరంలో, నలభై ఐదు డిగ్రీల కోణంలో మీటరు పెట్టి కొలిచాం. కంపెనీ ఎగ్జాస్ట్ కంటే మూడు డెసిబెల్లు ఎక్కువ. కొత్త కార్లు మన దేశంలో 74 డెసిబెల్లలోపు ఉండాలన్న నియమం రోడ్డు మీద వెళ్లే కారును పక్క నుంచి కొలిచే వేరే పరీక్షకు సంబంధించినది. మా అంకెను దానితో పోల్చకూడదు. కానీ గీతకు దగ్గరగా నడుస్తున్నామని మాత్రం తెలుసు. తర్వాత 120 కిలోమీటర్ల వేగానికి డైనో మీద పెట్టి, లోపల డ్రైవరు తల దగ్గర కొలిచాను. అంతకుముందు 71, ఇప్పుడు 73. "రెండే డెసిబెల్లు పెరిగాయి, ఏమీ కాదు" అని చెప్పి తాళాలు ఇచ్చాను. డాక్టరు గారు గేటు దాటుతూ ఒకసారి యాక్సిలరేటర్ నొక్కారు. బాగుంది, అబద్ధం ఎందుకు? గొంతు విప్పినట్టుంది.

మూడో రోజు సాయంత్రం ఫోను. "తలలో ఏదో గుయ్యిమంటోంది. శంషాబాద్ వరకు వెళ్లి వచ్చాను, ఇంటికి వచ్చాక కూడా చెవుల్లో అదే. భోజనం దగ్గర మా ఆవిడ మాట్లాడుతుంటే రెండుసార్లు మళ్లీ చెప్పమన్నాను." 

కారు తెప్పించి కూర్చుని, అదే వేగంలో నేనూ విన్నాను. నిజమే. చెవికి వినబడే మోత కంటే ఛాతీకి తగిలే మోత ఎక్కువ. అప్పుడు గుర్తొచ్చింది నేను చేసిన పొరపాటు. నా మీటరు ఏ-వెయిటింగ్‌లో ఉంది. మనిషి చెవి మంద్ర ధ్వనులను తక్కువగా వింటుంది కాబట్టి ఆ పద్ధతిలో మీటరు కూడా వాటిని తగ్గించి చూపుతుంది. వంద హెర్ట్జ్ దగ్గర ఏకంగా 19 డెసిబెల్లు కొట్టేస్తుంది. రోడ్డు పక్క గోల కొలవడానికి అది సరిపోతుంది. మూసిన డబ్బా లాంటి రెండు సీట్ల కారులో గంటసేపు కూర్చునేవాడి బాధ కొలవడానికి పనికిరాదు. మీటను, మంద్ర ధ్వనులను అంతగా తగ్గించని సీ-వెయిటింగ్‌కు మార్చి, అదే రోజు రెండు పైపులతోనూ మళ్లీ కొలిచాను. రెసొనేటర్‌తో 82, నేరు పైపుతో 89. ఏడు డెసిబెల్లు. నేను చెప్పిన 'రెండే' ఎక్కడ, ఇది ఎక్కడ!

ఎందుకు సరిగ్గా అక్కడే? లెక్క చూస్తే సిగ్గేసింది, ముందే వేసి ఉండాల్సింది. ఆరు సిలిండర్ల ఇంజన్ ఒక్క చుట్టుకు మూడుసార్లు మండుతుంది. ఎనిమిదో గేరులో 120 కిలోమీటర్ల వేగం దగ్గర ఈ కారు ఇంజన్ దాదాపు 2,000 ఆర్‌పీఎం తిరుగుతుంది. సెకనుకు ముప్పై మూడు చుట్లు, మూడుతో హెచ్చిస్తే వంద. వంద హెర్ట్జ్. ఔటర్ మీద అనుమతించిన గరిష్ఠ వేగం 120. అంటే డాక్టరు గారు చట్టబద్ధంగా, హాయిగా, ఎక్కువసేపు నడిపే వేగం ఏదో ఈ కారు మోత మోగేది సరిగ్గా అక్కడే. కంపెనీవారు ఆ రెసొనేటర్ డబ్బాను బరువు కోసం పెట్టలేదు.

దీనికి మందు ఉంది. ఒక చివర మూసిన గొట్టాన్ని ప్రధాన పైపుకు కొమ్మలా అతికితే, దాని పొడవు శబ్ద తరంగంలో నాలుగో వంతు ఉంటే, లోపలికి వెళ్లి తిరిగి వచ్చిన తరంగం అసలు తరంగాన్ని రద్దు చేస్తుంది. మధ్య పైపులో వాయువు మూడు వందల డిగ్రీల దగ్గర ఉంటుందనుకుంటే ధ్వని వేగం సెకనుకు 480 మీటర్లు. వంద హెర్ట్జ్‌కు గొట్టం పొడవు 1.2 మీటర్లు కావాలి. అంత పొడవు ఈ కారు కింద ఎక్కడ పెడతాం? వంచి, తిప్పి, వేడి కవచం పక్కన దూర్చి చాచా 1.05 మీటర్ల వరకు తేగలిగాడు. ఆ పొడవుకు రద్దయ్యేది 114 హెర్ట్జ్, అంటే 2,300 ఆర్‌పీఎం దరిదాపులు. 2,000 దగ్గర మోత కొంచెం తగ్గింది, పోలేదు. పైగా ఈ గొట్టం వాయువు వేడిని బట్టి మనసు మార్చుకుంటుంది. ఊళ్లో నెమ్మదిగా వెళ్లేటప్పుడు వాయువు రెండు వందల డిగ్రీలకు పడిపోతే రద్దయ్యే స్థాయి కూడా కిందికి దిగుతుంది. రెండో రోజే నార్సింగి దగ్గర ఒక స్పీడ్ బ్రేకరు మీద గొట్టం వంపు గీసుకుంది. 

ఇదంతా జరుగుతుండగా అపార్టుమెంటు సంఘం నుంచి ఆయనకు మర్యాదగా ఒక మాట వచ్చింది. చల్లని ఇంజన్ స్టార్టు చేయగానే మొదటి నిమిషం శబ్దం ఎక్కువగా ఉంటుంది. క్యాట్ త్వరగా వేడెక్కాలని కంప్యూటర్ కావాలనే నిప్పురవ్వను ఆలస్యం చేసి, ఐడిల్ పెంచుతుంది. వెనుక సైలెన్సర్ ఉన్నా సెల్లారు గోడల మధ్య ఆ నిమిషం పెద్దదే. ఉదయం ఆరున్నర. ఒకటో అంతస్తులో ఒక పసిబిడ్డ ఉందట. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్లు, రాత్రి 45 అని నియమాలున్నాయి. సంఘం వారు ఆ అంకెలేవీ ఎత్తలేదు. "డాక్టరు గారూ, మీకు తెలియనిదా" అన్నారట. జరిమానా కంటే ఆ మాటే ఆయనకు గట్టిగా తగిలింది.

మరునాడు రెసొనేటర్ మళ్లీ ఎక్కించాను. కొటేషన్లో ఉన్న పూర్తి ఎగ్జాస్ట్ అయితే ఈ ఇబ్బంది ఉండేదా అని ఆయన అడిగారు. మంచి కంపెనీలవారు మోత రాకుండా లెక్కగట్టి చేస్తారు, నిజమే. వాటి నాణ్యత మీద నాకు అనుమానం లేదు. తేలికగా ఉంటాయి, ఏళ్ల తరబడి మన్నుతాయి. కానీ ఆరున్నరకు సెల్లారులో స్టార్టు చేసే నిమిషాన్ని ఏ కంపెనీ లెక్కగట్టదు. ఇన్సూరెన్సు వారికి ఆ మార్పు ముందుగా చెప్పి ఒప్పించుకోవాలి, చెప్పకపోతే క్లెయిము రోజున వారు అడిగే ప్రశ్నకు జవాబు ఉండదు. ఇంకొకటి, ఆయన చెవిలో ఉన్న ఆ పాత శబ్దం టర్బో లేని ఇంజనుది. టర్బో చక్రం దాటి వచ్చిన శబ్దాన్ని పెంచగలం, కానీ చక్రం తినేసిన దాన్ని ఏ పైపూ తిరిగి తేలేదు. ఆరు లక్షలు పెట్టాక ఆ సంగతి తెలియడం కంటే ముందే తెలియడం మేలు కదా.

పొగరుగా పేలే చప్పుళ్ల గురించి కూడా అడిగారు, యాక్సిలరేటర్ వదలగానే టపటపమనేవి. ప్రోగ్రాంలో పెడితే వస్తాయి. పెట్రోలు ఇంజనులో కాకుండా పైపులో మండడమే అది. క్యాట్ ఉన్న కారులో ఆ మంట వెళ్లి తగిలేది క్యాట్ దిమ్మకే. దాని గురించి అంతకంటే మాట్లాడుకోలేదు.

ఒక ఆదివారం తెల్లవారుజామున ఇద్దరం వికారాబాద్ వైపు వెళ్లాం. నేను పక్క సీట్లో. అనంతగిరి కొండల దగ్గర పైకప్పు తెరిచి, స్పోర్ట్ మోడులో పెట్టి, మూడో గేరులో మలుపు దాటి పైకి తీశారు. పొగ యంత్రం పట్టిచ్చిన ఆ ఓ-రింగు ఇప్పుడు గాలిని పట్టుకుంటోంది. కారు వీపును సీటుకు నొక్కింది. చెట్ల మధ్య నుంచి, గట్టు రాళ్ల మీద నుంచి శబ్దం వెనక్కి వచ్చింది. ఆయన వేగం తగ్గించి, "ఇది ముందు నుంచీ ఉన్న శబ్దమేనా?" అన్నారు. కంపెనీ పైపే, కంపెనీ సైలెన్సరే. రెండేళ్లుగా ఆయన ఈ కారును పైకప్పు మూసి, ఏసీ వేసి, కోకాపేట నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి కోకాపేటకు నడిపారు.

బిల్లు ముప్పై ఒక్క వేల నాలుగు వందలు అయింది. అందులో ప్లగ్గులు, డైనో అద్దె, పొగ పరీక్ష, ఓ-రింగు ఉన్నాయి. రెసొనేటర్ ప్రయోగానికి చాచా కూలి, స్టీలు నా ఖాతాలో రాసుకున్నాను. తప్పు మీటరు మీటది కాదు కాబట్టి. డాక్టరు గారు ఒప్పుకోలేదు. సగం ఇచ్చి వెళ్లారు. ఆ తర్వాత ఏడు వేల కిలోమీటర్లు తిరిగాక సర్వీసుకు తెచ్చారు. బూస్టు రికార్డు చూశాను. కోరిన గీత, వచ్చిన గీత ఒకదాని మీద ఒకటి పడుకుని ఉన్నాయి. మధ్యలో కోసి కలిపిన రెండు చోట్లా క్లాంపులు విప్పి చూశాం, మసి కారిన గుర్తు లేదు.

ఆ రెండు పైపులు, నేరుది ఒకటి, కొమ్మ ఉన్నది ఒకటి, మా షెడ్డు గోడకు తగిలించి ఉన్నాయి. చాచా ఎప్పుడు వచ్చినా టార్చి వేసి నేరు పైపు లోపలికి తొంగి చూస్తాడు. "అతుకు ఎలా ఉందో చూశావా బేటా, బంగారం" అంటాడు. బంగారమే. మాకు టీ వచ్చేదాకా ఆయన దాన్ని అలా తిప్పి తిప్పి చూస్తూనే ఉంటాడు.